కాఫీ బాగాలేదన్న మనిషి

పెయింటరు కళ్ళు ఒక్కరోజులో పోలేదు. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు అది. పక్కల నుంచి మెల్లగా మూసుకుంటూ వచ్చింది. మొదట నిచ్చెన కింద పెట్టిన రంగు డబ్బా కనబడటం మానేసింది. తర్వాత తను రాస్తున్న అక్షరం పక్కనున్న అక్షరం కనబడకుండా పోయింది. చివరికి వెలుతురుకీ చీకటికీ తేడా తప్ప ఇంకేమీ మిగల్లేదు. బజారులో సగం దుకాణాల బోర్డులు అతని చేతిరాతే. పని మానేసినా జనం నోట్లో మాత్రం అతను పెయింటరుగానే ఉండిపోయాడు.

ఇంట్లో అతనికి దక్కింది కిటికీ పక్క కుర్చీ. భార్య పొద్దున్నే లేచి కాఫీ కలిపి చేతికిచ్చి, తినడానికి ఏదో ఒకటి చేసి మూతపెట్టి, "ఇదిగో, ఇక్కడ పెట్టానండీ" అని అతని వేళ్ళు పట్టుకుని ఆ మూతకి తాకించి, పరుగు పరుగున లాండ్రీకి వెళ్ళేది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. ఆమె అక్కడ మడతలు పెట్టే విభాగంలో పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉండేది. వచ్చీ రాగానే మళ్ళీ కాఫీ కలపాల్సింది ఆమే. కుర్చీలో కూర్చుని ఆ గిన్నెల చప్పుడు వింటుంటే పెయింటరుకి ప్రాణం చివుక్కుమనేది.

ఒకసారి ఆమె వచ్చేలోపు తనే కలిపేద్దామని పొయ్యి వెలిగించాడు. పాలు పొంగి మంట ఆరిపోయింది. ముక్కుకి గ్యాస్ వాసన ఘాటుగా కొట్టేదాకా అతనికి విషయం తెలియలేదు. అదే సమయానికి వచ్చిన భార్య పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచింది. ఒక్క మాట కూడా అనలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. ఇక పొయ్యి జోలికి పోనని అతను ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాడు.

ఈ సంగతి మరదలి చెవిన పడింది. భార్యకి చెల్లెలు ఆమె. బేకరీ వాళ్ళ వ్యాను నడుపుతూ రోజంతా బజార్లన్నీ చుట్టబెడుతుంది. నోటికి మాత్రం వ్యానుకున్నన్ని బ్రేకులు లేవు.

"పొయ్యి లేకపోతే కాఫీ లేదా ఏంటి బావా? కరెంటు మీద నడిచే మిషన్లు బోలెడున్నాయి. నీళ్ళు పోసి, పొడి వేసి, స్విచ్చి నొక్కితే డికాషను దానంతటదే దిగుతుంది. మంటా ఉండదు, పొంగడమూ ఉండదు. పద, కొందాం."

"నాకెందుకే అవన్నీ? కళ్ళు లేనివాడికి మిషనొకటా?"

"కళ్ళున్న మా అక్క పెట్టే కాఫీ ఇన్నేళ్ళూ తాగావుగా. దాన్ని మించి పాడుచెయ్యడం నీ వల్ల కాదులే, ధైర్యంగా లే."

"నాకు వినబడుతోందే" అంది వంటింట్లోంచి అక్క.

దుకాణంలో సేల్స్‌మన్ అన్నిటికంటే కొత్త మిషను ముందు నిలబెట్టాడు. "టచ్ ప్యానెల్ సార్. బటన్లే ఉండవు. వేలు ఆనిస్తే చాలు."

పెయింటరు వేలు ఆనించాడు. నున్నటి అద్దం. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో, దేని మీద వేలు పడిందో తెలియలేదు. లోపల ఏదో కుయ్యిమంది, తర్వాత గరగరా గింజలు నలగడం మొదలైంది. సేల్స్‌మన్ కంగారుగా ప్లగ్గు పీకేశాడు. రెండోది రకరకాల కాఫీపొడి నింపిన చిన్న చిన్న డబ్బీలు వేస్తే నడిచేది. ఆ డబ్బీలన్నీ చేతికి ఒకేలా తగిలాయి, దేని కడుపులో ఏముందో పట్టుకోవడం కుదరదు. మూడోది బుస్సుమంటూ ఆవిరి చిమ్మేసరికి అతను అడుగు వెనక్కి వేశాడు.

మరదలు తన మెడలోని చున్నీ తీసి కళ్ళకి గట్టిగా కట్టుకుంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు పెయింటరు, చుట్టూ జనం నవ్వులు వినబడి.

"నువ్వు కొనేది నేను చూసి కొంటే ఎలా? నాకూ కనబడకూడదుగా." ఆమె బల్ల పొడవునా తడుముకుంటూ ఒక్కో మిషను మూతా తీసింది, పెట్టింది, ఒకదాని జగ్గు కిందపడెయ్యబోయింది, ఇంకోదానికి నీళ్ళు పోసే చోటు దొరక్క తిట్టింది. సేల్స్‌మన్ మొదట బిత్తరపోయాడు. తర్వాత అతనికీ సరదా పుట్టినట్టుంది, తనూ కళ్ళు మూసుకుని తడమడం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక అతనే, "సార్, కింది అరలో ఒకటుంది. ఎవరూ అడగరు గానీ, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి" అని తెచ్చి పెట్టాడు.

నీళ్ళు పోసే చోటు వెడల్పుగా, అరచెయ్యి పట్టేలా ఉంది. మూత వెనక్కి వాలి అక్కడే నిలబడింది. పొడి వేసే సన్నజల్లెడ బుట్టకి పిడి ఉంది. కింద గాజు జగ్గు. పక్కన ఒకే ఒక్క స్విచ్చి. నొక్కితే టక్కుమని కిందికి దిగింది, మళ్ళీ నొక్కితే టక్కుమని పైకి లేచింది. ఆ రెండు చప్పుళ్ళకీ తేడా ఉంది. పెయింటరు దాన్ని నాలుగైదుసార్లు నొక్కి చూశాడు.

"పాతరకం సార్ ఇది. టైమర్ కూడా లేదు" అన్నాడు సేల్స్‌మన్ నిజాయితీగా.

"టైముకేం లోటు లేదు బాబూ. నా దగ్గర కావలసినంత ఉంది" అన్నాడు పెయింటరు.

మరదలు ఇంటికొచ్చి తనే దగ్గరుండి నేర్పింది. స్విచ్చి ఎక్కడుందో వేలికి తెలిసేలా దాని మీద గోళ్ళరంగు దళసరిగా ఒక బొట్టు పెట్టింది. నీళ్ళు స్టీలు గ్లాసుతో కొలిచి పొయ్యమంది, పొడికి ఒక గుండ్రటి చెంచా ఏర్పాటు చేసింది. కప్పు అంచు మీద వేలు పెట్టుకుని, వేడి వేలిని తాకగానే వంచడం ఆపమంది. మొదట్లో తిప్పలు తప్పలేదు. ఒకసారి పొడి వెయ్యడం మర్చిపోయి వేడి నీళ్ళలో పాలపొడి కలిపాడు. ఇంకోసారి కింద జగ్గు పెట్టకుండానే స్విచ్చి వేశాడు. డికాషనంతా గట్టు మీంచి జారి అతని పాదాల మీదికి వచ్చింది.

కానీ పని పట్టుబడింది. మిషను మాట్లాడుతుందని తెలుసుకున్నాడు. నీళ్ళు వేడెక్కేటప్పుడు గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. తర్వాత ధార పడే చప్పుడు. నీళ్ళన్నీ అయిపోయాక గురగురమని ఆఖరి నిట్టూర్పు. అది వినగానే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయేది.

భార్య ఒక సాయంత్రం మెట్లెక్కుతుండగానే కాఫీ వాసన ఎదురొచ్చింది. లోపలికి వచ్చి, సంచి కింద పెట్టి కూర్చుంది. అతను కప్పు నింపి, ఒక చెయ్యి బల్ల అంచుకి రాస్తూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె తాగింది. "బాగుందండీ" అంది.

కళ్ళు పోయాక అతను ఇంకొకరికి చేసిపెట్టిన మొదటి పని అది. ఇక అతన్ని పట్టుకోవడం ఎవరితరం? ఎదురింటివాళ్ళు, మీటరు చూడ్డానికి వచ్చినాయన, కుళాయి బాగుచేసే మనిషి, ఎవరు గడప తొక్కినా కాఫీ తాగకుండా వెళ్ళడానికి వీల్లేదు. తాగినవాళ్ళందరూ బాగుందనేవాళ్ళు.

కడగడం కూడా అతనే. జగ్గులో నీళ్ళు పోసి తిప్పి పారబోసి, బుట్ట కుళాయి కింద ఆడించి, తుడిచి పెట్టేవాడు. గాజు కదా, గట్టిగా రుద్దితే పగులుతుందని భయం. ఒకరోజు తను పొడిగా తుడిచిపెట్టిన జగ్గు తడిగా తగిలింది.

"మళ్ళీ కడిగావా?"

"అబ్బే, ఊరికేనండీ..."

"ఊరికే ఎవరన్నా కడుగుతారా? నేను కడిగితే కడిగినట్టు కాదా? ఇంట్లో నాకున్నది ఆ ఒక్క పని. దాని మీద చెయ్యి వెయ్యకు."

ఆమె మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

అలా వారాలు గడిచాయి. కాఫీ చేదెక్కడం రోజుకింత చొప్పున జరిగింది కాబట్టి అతని నాలుకకి అందలేదు. అంతకంతకూ ఇంకొంచెం చక్కెర వేసుకుంటున్నాడు, అంతే.

అప్పుడు దిగివచ్చాడు పళ్ళ డాక్టరు. పై అంతస్తులోనే ఉంటాడు. ఒంటరి మనిషి, పెద్దాయన. క్లినిక్కు మూసేసి చాలా కాలమైంది. ఆ క్లినిక్కు బోర్డు రాసింది పెయింటరే. కూతురి దగ్గర కొన్ని నెలలుండి అప్పుడే తిరిగొచ్చాడు. "నువ్వు కాఫీ మిషను కొన్నావటగా, మేడంతా చెప్పుకుంటున్నారు. ఏదీ, నాకూ ఒక కప్పు పొయ్యి" అంటూ వచ్చి కూర్చున్నాడు.

పెయింటరు ఉత్సాహంగా చేసి ఇచ్చాడు. ఒక గుక్క చప్పుడు వినబడింది. తర్వాత కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఎలా ఉంది డాక్టరు గారూ?"

"బాగాలేదు."

భార్య చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

"ఏంటీ?" అన్నాడు పెయింటరు.

"కాఫీ బాగాలేదయ్యా. ఇది పొడి చేదు కాదు, మకిలి చేదు. తుడిచిన గుడ్డ పిండి పోసినట్టుంది. ఈ మిషను ఎప్పుడన్నా సరిగ్గా కడిగావా?"

"డాక్టరు గారూ!" భార్య గొంతు లేచింది. "కాస్త మనిషిని చూసి మాట్లాడండి."

"చూసే మాట్లాడుతున్నానమ్మా. ఆ జగ్గు లోపల గోధుమరంగు చారలు నాకు ఇక్కడికే కనబడుతున్నాయి. కనబడినవాళ్ళం మనం చెప్పకపోతే ఈయనకి ఎవరు చెప్తారు?"

పెయింటరుకి తల తీసేసినట్టయింది. "సరే డాక్టరు గారూ, ఇక మీరు వెళ్ళి పడుకోండి" అన్నాడు పొడిగా. ఆయన వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్న చప్పుడు విని పెయింటరు భార్య వైపు తిరిగాడు.

"నిజమేనా?" అన్నాడు.

భార్య పళ్ళెం బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా రోజులైందండీ."

"మరి రోజూ తాగుతున్నావుగా?"

"రెండు గుక్కలు తాగి... మిగతాది సింకులో పోస్తున్నా. మీరు అంత సంబరంగా తెచ్చిస్తుంటే ఎలా చెప్పను?"

"నీ చెల్లెలో?"

"అది మాత్రం? వచ్చినప్పుడల్లా బండి అడ్డంగా పెట్టొచ్చానని సగంలో లేచి పరిగెడుతుందిగా. ఎందుకనుకున్నారు?"

ఆ ఒక్క మాటకి ఇంకో రోజైతే పగలబడి నవ్వేవాడే. మర్నాడు అతను మిషను ముట్టుకోలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. మొదట డాక్టరు మీద ఒళ్ళు మండింది. తర్వాత భార్య మీద, మరదలి మీద, బాగుందన్న ప్రతివాడి మీదా మండింది. మండీ మండీ అది చల్లారాక, ఎప్పటిదో ఒక సంగతి మనసులో మెదిలింది. ఒక మిఠాయి దుకాణం బోర్డు రాస్తూ ఒక అక్షరానికి ఒత్తు వదిలేశాడు. దుకాణదారు నిచ్చెన కింద నిలబడి, వీధి వీధంతా వినేలా దులిపేశాడు. తను మూతి ముడుచుకుంటూనే తుడిచి మళ్ళీ రాశాడు. ఆ బోర్డు ఎంత బాగా కుదిరిందో!

కళ్ళు పోయాక తనని ఒక్కరైనా అలా దులిపారా? తను పాలు పొంగించి ఇల్లు తగలబెట్టబోయినా తిట్టలేదే. పసిపిల్లాడు పిచ్చిగీతలు గీసి చూపిస్తే అబ్బో అన్నట్టు, అందరూ బాగుంది బాగుంది అన్నారు. నిన్న ఆ ముసలాయన ఒక్కడే తనని పెయింటరులా చూసి మాట్లాడాడు. తప్పు చేస్తే దిద్దుకోగల మనిషిలా.

అతను లేచాడు. తలుపు తీసుకుని, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, పైకెక్కాడు. ఒక్కడే ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. మలుపు దగ్గర కాలు తడబడితే నిలబడి ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎక్కాడు. తలుపు తట్టాడు.

"తిట్టడానికొచ్చావా?" అన్నాడు డాక్టరు తలుపు తెరిచి.

"కాదండీ. కడగడం నేర్పిస్తారేమోనని."

చెప్పులు లోపలికి వెళ్ళిన చప్పుడైంది. తర్వాత, "ఉండు, నా సామాను తెచ్చుకుంటాను" అని వినబడింది.

సామాను అంటే నిజంగానే ఆయన పాత పనిముట్ల పెట్టె. కిందికి దిగొచ్చి పెయింటరు వంటింటి గట్టు మీద దాన్ని తెరిచి, కొక్కెంలాంటి సన్నటి ఇనుప పుల్లతో మిషను మూత అడుగున, నీళ్ళు జల్లుగా పడే చిల్లుల్లో గీరాడు. ఏదో పెళుసుగా రాలింది. దాన్ని పెయింటరు అరచేతిలో పోశాడు.

"ఏంటో చెప్పు."

పెయింటరు వేళ్ళతో నలిపాడు. "సున్నం పెళ్ళలా ఉంది."

"గార. పళ్ళకి పట్టే గార ఎలాగో ఇదీ అలాగే. నీళ్ళలో ఉన్న సున్నం లోపల గొట్టాలకి పట్టేసింది. నీ మిషను నోరు ఎప్పుడూ తోముకోని మనిషి నోరయ్యా. జీవితమంతా ఇలాంటివి ఎన్ని చూశాను! తలుపు తెరవగానే వాసనతో కనిపెట్టేవాణ్ణి."

పెయింటరు నవ్వాపుకోలేకపోయాడు.

డాక్టరు నిమ్మఉప్పు నీళ్ళలో కరిగించి మిషనులో పోయించాడు. సగం దిగాక స్విచ్చి కట్టించి, గార నానేదాకా ఆగి, మిగతాది దింపించాడు. తర్వాత వట్టి నీళ్ళు పోసి, పులుపు వాసన పోయేదాకా మళ్ళీ మళ్ళీ నడిపించాడు. జగ్గులో వేడి నీళ్ళూ వంటసోడా వేసి నానబెట్టమన్నాడు. జల్లెడ బుట్టని మెత్తటి పళ్ళ బ్రష్షుతో తోమమన్నాడు.

"గుండ్రంగా తిప్పు. అడ్డంగా బరకకు. చిగుళ్ళు... అదే, జల్లెడ సాగిపోతుంది."

"శుభ్రమైందని నాకెలా తెలుస్తుంది డాక్టరు గారూ? చారలు మీకు కనబడతాయి గానీ."

డాక్టరు ఆలోచించాడు. ఆయనకీ అది కొత్త ప్రశ్నే. ఇద్దరూ కలిసి కనిపెట్టారు. మకిలి ఉన్నచోట తడి వేలు జారిపోతుంది. శుభ్రమైన గాజు మీద బొటనవేలు కీచుమంటుంది. అది ఒకటి. రెండోది, జగ్గులో వేడి నీళ్ళు పోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే నీళ్ళ వాసన తప్ప ఇంకే వాసనా రాకూడదు. పెయింటరు జగ్గు లోపల చెయ్యి పెట్టి అంగుళం అంగుళం తడిమాడు. పిడి దగ్గర వంపులో వేలు జారింది. "ఇక్కడ ఇంకా ఉంది" అన్నాడు. డాక్టరు కళ్ళజోడు సవరించుకుని, దీపం దగ్గర పెట్టుకుని చూశాడు.

"అవునయ్యోయ్, ఉంది. నాకు కనబడలేదు."

కడిగిన మిషనులో కొత్తగా దింపిన కాఫీ ఇద్దరూ తాగారు. డాక్టరు కప్పు ఖాళీ అయిన చప్పుడు విని పెయింటరు గొంతు సర్దుకున్నాడు.

"నిన్న మీ మీద కోపమొచ్చింది. ఇవాళ మీ మేలు మర్చిపోలేననిపిస్తోంది. అందరూ బాగుందన్నారు. మీరొక్కరే నన్ను లెక్కలోకి తీసుకున్నారు."

"చాల్చాల్లే, ఎవరన్నా వింటే నన్ను మంచివాడనుకుంటారు" అన్నాడు డాక్టరు. "మా ఆవిడ పోయాక పైన ఒక్కణ్ణే తాగుతున్నాను కాఫీ. కూతురింట్లో ఉన్నన్నాళ్ళూ, తిరిగొచ్చాక కిందికి దిగి ఎవరితోనన్నా కూర్చుని తాగాలనే అనుకున్నాను. తాగేది బాగుంటే రోజూ రావచ్చు కదా అని, అందుకే అలా అన్నానేమో."

సాయంత్రం భార్య వచ్చింది. గట్టంతా మెరుస్తుంటే గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను కప్పు ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నిజం చెప్పాలి."

ఆమె తాగింది. ఇంకో గుక్క తాగింది. "బాగుంది. డాక్టరు గారి మీద ఒట్టు." తర్వాత జంకుతూ, "కాకపోతే... కొంచెం పల్చన" అంది.

పెయింటరు మొహం విప్పారింది. "అదీ మాట! రేపు ఇంకో చెంచా వేస్తా." కాసేపాగి అడిగాడు. "సరే, కాఫీ ఒక్కటేనా? ఇంకేమేం దాచావు నా దగ్గర?"

"ఏమీ లేదండీ."

"చెప్పవే. నాకు కనబడదు గానీ, వినబడుతుందిగా. ఈమధ్య నువ్వు మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నావు."

ఆమె కప్పు కింద పెట్టింది. మొదట ఒక్క ముక్క బయటికొచ్చింది. కొత్త సూపర్‌వైజరు తనని మడతల విభాగం నుంచి తీసేసి ఇస్త్రీ మిషన్ల దగ్గర వేశాడట. రోజంతా నిలబడే పని. ఆవిరి మొహానికి కొడుతుంది. మోకాళ్ళు వాచిపోతున్నాయి. ఎందుకు చెప్పలేదంటే, "మీరే బాధలో ఉన్నారు, మళ్ళీ నా గోల కూడానా" అంది. ఆ ముక్క బయటపడ్డాక ఇక ఆనకట్ట తెగినట్టే. సూపర్‌వైజరు నడక, అతని వెటకారం, పక్క మిషను మీది ఆవిడ తన పని కూడా ఈమె మీదికి నెట్టడం, అన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. పెళ్ళయిన కొత్తలో ఇలాగే పని నుంచి రాగానే గుక్కతిప్పుకోకుండా చెప్పేది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో పెయింటరుకి అప్పుడు తెలిసింది.

"కాళ్ళు ఇటు పెట్టు" అని ఆమె పాదాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. మోకాలి చుట్టూ వేళ్ళతో తడిమి చూశాడు. వాపు నిజంగానే ఉంది. "రేపు వాణ్ణి అడగాలి. ఎలా అడగాలో చెప్తా విను. నోరు పెంచకూడదు, కన్నీళ్ళు పెట్టకూడదు. మోకాలు చూపించి, మడతల దగ్గర నా అంత వేగం ఎవరికుందో మీరే చెప్పండి అనాలి."

"అలా అడిగితే వింటాడంటారా?"

"వినకపోతే నీ చెల్లెల్ని వ్యానుతో సహా పంపిద్దాం."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సూపర్‌వైజరు వెంటనే ఏమీ వినలేదు గానీ, ఆ నెల గడవకముందే ఆమెని తిరిగి మడతల దగ్గరికి పంపాడు. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం ఆమె చెబుతూనే ఉంది, కప్పులో కాఫీ చల్లారిపోయింది. పెయింటరు కప్పు తీసుకుని గోడ వెంట చెయ్యి రాస్తూ లేచాడు.

"ఎక్కడికండీ? ఇంకా అయిపోలేదు."

"తెలుసు. వేడిగా ఇంకో కప్పు తెస్తా. అక్కణ్ణుంచే చెప్పు, వింటున్నా."